‘మీకేమీ కాలేదు కదా?’: కంపెనీ బండి సైకిల్‌ను రాసుకుంటూ పోతే అండమాన్‌లో ఎవరికి, ఎలా ఫిర్యాదు చేయాలి?

కార్బిన్స్ కోవ్ వైపు వెళ్లే సముద్రపు ఒడ్డు రోడ్డు మీద తెల్లవారుజామున అద్దె సైకిల్‌పై వెళ్తున్నా. వెనక నుంచి హారన్ వినిపించింది. తిరిగి చూసేలోపే ఒక జీపు నా మోచేతికి జానెడు దూరంలో దూసుకెళ్లింది. ఎడమ పక్కన మూత లేని కాలువ. హ్యాండిల్ ఊగింది గానీ పడలేదు. బండి వెనక కంపెనీ పేరు, దాని కింద ‘మా డ్రైవింగ్ ఎలా ఉంది?’ అన్న ప్రశ్న, ఒక ఫోన్ నంబరు కనిపించాయి.

ఫోన్ చేశాను. అవతలి మనిషి మర్యాదగానే మాట్లాడారు. అంతా విని ఒకే ప్రశ్న వేశారు: ‘మీకేమీ కాలేదు కదా, మేడమ్?’

ఏమీ కాలేదన్నాను. సంభాషణ అక్కడితో ముగిసింది.

సైకిల్ తొక్కేవాళ్లు ఇలాంటి ఫిర్యాదు చేసినప్పుడు చాలాసార్లు ఎదురయ్యే ప్రశ్న ఇదే. దెబ్బ తగిలితేనే నేరం, లేకపోతే అది రోడ్డు మీద మామూలు విషయం అన్న నమ్మకం దీని వెనక ఉంది. చట్టం మాత్రం అలా చెప్పడం లేదు.

అండమాన్‌లోనే ఈ ప్రశ్న ఎందుకు?

సైకిల్ అనగానే హెల్మెట్, బిగుతు దుస్తులు, ఆదివారం ఉదయం వ్యాయామం గుర్తొస్తాయి. ద్వీపాల్లో కథ అంతకంటే పెద్దది. నికోబార్‌కు చెందిన ఎసో ఆల్బెన్ 2018లో స్విట్జర్లాండ్‌లోని ఐగిల్‌లో జరిగిన ప్రపంచ జూనియర్ ట్రాక్ సైక్లింగ్ పోటీల్లో కీరిన్ విభాగంలో రజతం గెలిచారు. ప్రపంచ స్థాయి సైక్లింగ్ పోటీల్లో భారత్‌కు అదే తొలి పతకం. చిన్నతనంలో 2004 సునామీ నుంచి బయటపడ్డ డెబోరా హెరాల్డ్ దేశంలోని మేటి మహిళా సైక్లిస్టుల్లో ఒకరయ్యారు. దేశానికి ఇంతమంది సైక్లిస్టులను ఇచ్చిన చిన్న ప్రాంతం ఇంకొకటి చెప్పడం కష్టం.

వీళ్లతో పాటు పతకాలతో పనిలేని సైక్లిస్టులూ ఉన్నారు. పనికి వెళ్లే కూలీలు, బడికి వెళ్లే పిల్లలు, నీల్ ద్వీపంలో సైకిల్ అద్దెకు తీసుకునే పర్యాటకులు. 2011 జనాభా లెక్కల్లో ఈ ద్వీపాల్లో తెలుగును మాతృభాషగా చెప్పినవారు సుమారు 13 శాతం. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి తరాల క్రితం వచ్చి జంగ్లీఘాట్ వంటి చోట్ల స్థిరపడిన మత్స్యకార కుటుంబాలు వీరిలో ఎన్నో. చేపల బుట్టతో సైకిలెక్కే మనిషికి, కంపెనీ జీపు స్టీరింగ్ పట్టే మనిషికి ఇంట్లో మాట్లాడే భాష ఒకటే కావచ్చు. ఫిర్యాదు ఇక్కడ క్లిష్టం కావడానికి అదీ ఒక కారణం.

రోడ్లు చూస్తే, 2024 సెప్టెంబరులో కేంద్రం శ్రీ విజయపురం అని పేరు మార్చిన పోర్ట్ బ్లెయిర్ అంతా ఎత్తుపల్లాలు, మలుపులు. నగరం దాటితే ఉత్తరానికి ప్రధాన దారి అండమాన్ ట్రంక్ రోడ్డే, అంటే జాతీయ రహదారి-4. బస్సులు, కంకర టిప్పర్లు, పర్యాటకుల టాక్సీలు, సైకిళ్లు అన్నీ దాని మీదే.

ఇక గడియారం సంగతి. పోర్ట్ బ్లెయిర్ దాదాపు 92.7 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. మన ప్రామాణిక సమయాన్ని 82.5 డిగ్రీల దగ్గర లెక్కిస్తారు. అంటే సూర్యుడు ఇక్కడ గడియారం కంటే సుమారు 40 నిమిషాలు ముందు నడుస్తాడు. డిసెంబరులో సాయంత్రం ఐదింటికే చీకటి కమ్ముతుంది. సాయంత్రం ఆఫీసులు, పనిచోట్లు మూసే వేళకు సైకిల్ మీద ఇంటికెళ్లేవాళ్లు చీకట్లోనే వెళ్లాలి. వెనక రిఫ్లెక్టర్ లేని సైకిల్, ఫెర్రీ సమయం దాటిపోతుందన్న తొందరలో ఉన్న వ్యాన్, రెండూ ఒకే మలుపు దగ్గరకు ఒకేసారి వస్తాయి.

తొందర ఎక్కడి నుంచి వస్తోంది?

బారాటాంగ్ వెళ్లే పర్యాటక వాహనాలను గమనించండి. జారవా తెగ నివసించే అభయారణ్యం గుండా వెళ్లే భాగంలో వాహనాలను పోలీసు కాపలాతో, రోజులో కొన్ని నిర్ణీత సమయాల్లో మాత్రమే, వరుసగా పంపిస్తారు. జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర తొలి కాన్వాయ్‌లో చోటు దొరకాలంటే నగరంలో తెల్లవారుజామున మూడింటికే బయల్దేరాలి. ఆ వరుస తప్పితే ఆ రోజు పర్యటన తలకిందులవుతుంది, పర్యాటకులు డబ్బు వెనక్కి అడుగుతారు, ట్రావెల్స్ యజమాని డ్రైవర్ని అడుగుతాడు. అభయారణ్యంలోకి వెళ్లాక వేగం మీద, ఓవర్‌టేక్ మీద ఆంక్షలు. అక్కడ పోగొట్టుకోబోయే నిమిషాలను డ్రైవర్ గేటుకు ముందున్న మామూలు రోడ్డు మీదే సంపాదించుకోవాలి. ఆ చీకట్లో, ఆ రోడ్డు మీదే సైకిలిస్టులు కూడా ఉంటారు.

ఈ తొందర గురించి మోటారు వాహనాల చట్టం 1988లో ఒక వాక్యం ఉంది. దాన్ని ఎవరూ పెద్దగా ఉదహరించరు గానీ, నా ఉద్దేశంలో ఈ మొత్తం వ్యవహారంలో అతి ముఖ్యమైన వాక్యం అదే. 183వ సెక్షన్ వేగ పరిమితి దాటినందుకు జరిమానా చెప్పే సెక్షన్. తేలికపాటి వాహనానికి 1,000 నుంచి 2,000 రూపాయలు, మధ్యస్థ, భారీ వాహనాలకు 2,000 నుంచి 4,000. ఇదంతా తెలిసిందే. కానీ ఆ జరిమానా నడిపినవాడికి మాత్రమే కాదు, తన దగ్గర పనిచేసే మనిషి చేత అలా నడిపించినవాడికీ వర్తిస్తుందని అదే సెక్షన్ చెబుతోంది. అదే సెక్షన్‌లోని నాలుగో ఉపవిభాగం ఇంకో అడుగు ముందుకు వేసింది. వేగ పరిమితి దాటకుండా పూర్తి చేయడం సాధ్యం కాని ప్రయాణానికి ఎవరైనా టైమ్‌టేబుల్ ప్రకటించినా, ఫలానా సమయానికి చేరాలని ఆదేశించినా, ఆ టైమ్‌టేబుల్‌నే, ఆ ఆదేశాన్నే వారు నేరం చేశారనడానికి ప్రాథమిక సాక్ష్యంగా కోర్టు తీసుకోవచ్చు.

మామూలు మాటల్లో చెప్పాలంటే, ‘ఆరింటికల్లా గేటు దగ్గర ఉండాలి, ఎలా వెళ్తావో నాకు తెలియదు’ అని డ్రైవర్‌కు వచ్చిన వాట్సాప్ సందేశం డ్రైవర్ మీద కంటే యజమాని మీద బలమైన సాక్ష్యం కావచ్చు. నేరం చేసింది కంపెనీ అయితే, ఆ సమయంలో వ్యవహారాలు చూస్తున్న బాధ్యుణ్ని కూడా నిందితుడిగా చూడాలని 199వ సెక్షన్ చెబుతోంది.

ఇలాంటి తొందర ధర ఎంతో అమెరికాలో ఒక పిజ్జా కంపెనీ చూసింది. 30 నిమిషాల్లో డెలివరీ అని డామినోస్ హామీ ఇచ్చేది. ఆ కంపెనీ డెలివరీ వాహనం ఢీకొని గాయపడిన ఒక మహిళ కేసులో 1993లో సెయింట్ లూయిస్ జ్యూరీ దాదాపు 7.9 కోట్ల డాలర్ల పరిహారం విధించింది. తర్వాత అది రాజీతో ముగిసింది గానీ, అదే నెలలో కంపెనీ అమెరికాలో ఆ హామీని ఎత్తేసింది.

దెబ్బ తగలకపోయినా నేరమేనా?

అవును. రెండు చట్టాలు చూడాలి.

ఒకటి, మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్, ప్రమాదకర డ్రైవింగ్. 2019 సవరణ తర్వాత ఏవి ప్రమాదకరమో ఇందులో వివరంగా చెప్పారు. సిగ్నల్ దాటడం, నడుపుతూ ఫోన్ చేతిలో పట్టుకోవడం, నిబంధనలకు విరుద్ధంగా ఓవర్‌టేక్ చేయడం, ఎదురు దారిలో నడపడం ఉన్నాయి. వీటితో పాటు, జాగ్రత్తగల సమర్థుడైన డ్రైవర్ నుంచి ఆశించే స్థాయికి చాలా దిగువన, ప్రమాదమని ఎవరికైనా అర్థమయ్యే తీరులో నడపడం కూడా ఉంది. మొదటిసారి అయితే ఆరు నెలల నుంచి ఏడాది జైలు, లేదా 1,000 నుంచి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. మూడేళ్లలో మళ్లీ చేస్తే రెండేళ్ల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. డ్రైవర్ లైసెన్సును పోలీసులు స్వాధీనం చేసుకుని, అనర్హత కోసం లైసెన్సింగ్ అధికారికి పంపే వీలూ ఉంది.

రెండోది, 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 281వ సెక్షన్. పాత శిక్షాస్మృతిలో ఇది 279. మనిషి ప్రాణానికి ముప్పు తెచ్చేలా, లేదా గాయం కలిగించే అవకాశం ఉండేలా దుడుకుగా, నిర్లక్ష్యంగా నడిపితే చాలు, ఆరు నెలల వరకు జైలు లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా. ‘అవకాశం ఉండేలా’ అన్న మాటే కీలకం. గాయం జరిగి తీరాలని లేదు. ఇది పోలీసులు నేరుగా కేసు నమోదు చేయగల నేరం. అలాంటి నేరం గురించి సమాచారం అందితే ఎఫ్ఐఆర్ తప్పనిసరి అని లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది.

ఒక లోటు మాత్రం ఉంది. బ్రిటన్ హైవే కోడ్ 2022 జనవరిలో మారింది. గంటకు 30 మైళ్ల లోపు వేగంలో సైకిల్‌ను దాటేటప్పుడు కనీసం 1.5 మీటర్ల దూరం ఉంచాలని అందులో ఉంది. మన మోటారు వాహనాల చట్టంలో అలాంటి అంకె లేదు. అందువల్ల ‘చాలా దగ్గరగా వచ్చాడు’ అన్న మాట ఇక్కడ వాదనగానే మిగిలిపోతుంది. కొలవడానికి గీత లేదు కాబట్టి సాక్ష్యం ఇంకాస్త గట్టిగా ఉండాలి.

ఆ గీత ఎందుకు కావాలో సైకిల్ తొక్కనివాళ్లకు చెప్పడం కొంచెం కష్టం. సైకిల్ గీత గీసినట్టు నడవదు. గుంత వస్తే, ఎత్తు ఎక్కేటప్పుడు నిలబడి తొక్కితే, అటూ ఇటూ ఊగుతుంది. పెద్ద వాహనం పక్కనుంచి వేగంగా పోతే గాలి ముందు బయటికి నెట్టి, తర్వాత లోపలికి లాగుతుంది. పడిపోయేవాడు చాలాసార్లు బండి ముందు భాగానికి కాదు, వెనక చక్రాల వైపు పడతాడు.

దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. వారిలో సైకిల్ మీద వెళ్తున్నవారు నాలుగు వేలకు పైనే. ఇంటెల్ ఇండియా మాజీ అధిపతి అవతార్ సైనీ 2024 ఫిబ్రవరి 28న తెల్లవారుజామున నవీ ముంబయిలోని పామ్ బీచ్ రోడ్డు మీద మిత్రులతో సైకిల్ తొక్కుతుండగా వెనక నుంచి ఒక టాక్సీ ఢీకొట్టింది. ఆయన వయసు 68. సైకిల్ బండి కింద ఇరుక్కున్నా డ్రైవర్ పారిపోవడానికి ప్రయత్నించాడని పోలీసులు చెప్పారు. ఆయన పేరున్న మనిషి కాబట్టి అది దేశమంతా వార్త అయింది.

ఎవరికి చెప్పాలి: కంపెనీకా, పోలీసులకా?

ముందు ఆ బండి ఎవరిదో తేల్చుకోవాలి. తలుపు మీద పేరు ఒకరిది, రిజిస్ట్రేషన్ మరొకరిది కావడం ద్వీపాల్లో మామూలే. పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలుంటే అద్దెకు తిరిగే వాహనం. తెల్ల ప్లేటు సొంత వాడకానికి. నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుంటే, అద్దెకు తీసుకున్నవారే నడుపుకునే కారు. అప్పుడు ఆ స్టీరింగ్ ముందున్నది కంపెనీ డ్రైవర్ కాదు, నిన్న విమానం దిగిన పర్యాటకుడు కావచ్చు. ప్రభుత్వ శాఖ బోర్డు తగిలించుకున్న పసుపు ప్లేటు బండి అయితే, అది కాంట్రాక్టరుది.

డ్రైవర్ ఎవరో మీకు తెలియనక్కర్లేదు. నంబరు చాలు. నేరారోపణ ఎదుర్కొంటున్న డ్రైవర్ పేరు, చిరునామా, లైసెన్స్ వివరాలు అధికారం గల పోలీసు అడిగితే యజమాని ఇచ్చి తీరాలని 133వ సెక్షన్ చెబుతోంది. ‘ఆ రోజు ఎవరు నడిపారో మాకు గుర్తులేదు’ అనే జవాబు కంపెనీకి చెల్లదు. ఇవ్వకపోవడం 187వ సెక్షన్ కింద వేరే నేరం.

కంపెనీకి చెప్పడం వల్ల ఉపయోగం లేదని అనను. బస్సులు, టాక్సీల వంటి ప్రయాణికుల వాహనాల్లో లొకేషన్ పరికరం ఉండాలన్న నిబంధన ఉంది. బండి ఏ నిమిషంలో ఎక్కడ, ఎంత వేగంతో ఉందో కంపెనీ కంప్యూటర్‌లో ఉండే అవకాశం ఎక్కువ. ఫోన్ కంటే ఈమెయిల్ మేలు, ఎందుకంటే మీరు చెప్పినట్టు, వాళ్లకు తెలిసినట్టు తేదీతో సహా నమోదవుతుంది. రేపు అదే డ్రైవర్ ఎవరినైనా ఢీకొడితే ‘మాకు తెలియదు’ అనే వీలు కంపెనీకి ఉండదు. ఆ ట్రాకింగ్ డేటాను చెరపకుండా ఉంచమని కూడా అందులోనే రాయండి.

అయితే కంపెనీకి మాత్రమే చెబితే ఏమవుతుంది? చాలా సందర్భాల్లో ఆ డ్రైవర్ని తీసేస్తారు. అదే బండి, అదే టైమ్‌టేబుల్, ఇంకో డ్రైవర్. ఇదీ నన్ను ఇబ్బంది పెట్టే విషయం. కాంట్రాక్టు మీద పనిచేసే డ్రైవర్‌కు నోటీసూ ఉండదు, విచారణా ఉండదు. మోటారు రవాణా కార్మికుల చట్టం 1961 నుంచీ రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అన్న పరిమితి ఉంది. తెల్లవారుజామున మూడింటికి బయల్దేరి రాత్రికి తిరిగొచ్చే మనిషికి ఆ లెక్క ఎక్కడ సరిపోతుంది? అందుకే ఫిర్యాదులో ‘ఈ డ్రైవర్ని శిక్షించండి’ అని మాత్రమే కాకుండా, ‘ఆ రోజు అతని డ్యూటీ ఎన్ని గంటలకు మొదలైంది, ఎన్నింటికి ఎక్కడికి చేరమన్నారు’ అన్న ప్రశ్న రాయడం మంచిది. పోలీసులకిచ్చే కాగితంలో ఆ ప్రశ్న ఉంటే 183వ సెక్షన్‌లోని ఆ పాత వాక్యానికి పని దొరుకుతుంది.

పోలీసులకు చెప్పేటప్పుడు

ప్రాణభయం ఉన్నప్పుడు 112. మిగతా సందర్భాల్లో ఆ ప్రాంతపు ఠాణా. రాతపూర్వకంగా ఇవ్వలేకపోతే నోటితో చెప్పొచ్చు. అధికారి దాన్ని రాసి, చదివి వినిపించి, సంతకం తీసుకోవాలి. ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. ఇదంతా భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్‌లో ఉంది. తెలుగులో రాసిన ఫిర్యాదు చదివేవారు ప్రతి ఠాణాలో దొరక్కపోవచ్చు. ఇక్కడ పుట్టి పెరిగిన తెలుగువాళ్లకు హిందీ ఎలాగూ వస్తుంది. కొత్తగా వచ్చిన కూలీలకు ఈ నోటిమాట హక్కు అక్కరకొస్తుంది. తీసుకోనంటే ఎస్పీకి పోస్టులో పంపాలి, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్.

కాగితంలో ఏం ఉండాలంటే: బండి నంబరు, రంగు, తేదీ, సమయం, స్థలం, మీరు ఏ వైపు వెళ్తున్నారు, రోడ్డు వెడల్పు, ఎదురుగా వాహనం ఉందా, ఎంత దగ్గరగా వచ్చింది. ‘రాక్షసుడిలా నడిపాడు’ కంటే ‘మలుపు మీద, ఎదురు వాహనం కనిపించని చోట, నా హ్యాండిల్‌కు జానెడు దూరంలో దాటాడు’ అన్నది వంద రెట్లు పనికొస్తుంది. చూసినవాళ్లుంటే వాళ్ల వివరాలు తీసుకోండి.

వీడియో ఉంటే ఇంకా మంచిది, కానీ ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. ముందూ వెనకా కత్తిరించి, పాట జోడించి ఇన్‌స్టాగ్రామ్‌లో పెడతారు, అసలు ఫైలు పోగొట్టుకుంటారు. భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ నకలుకు ధ్రువపత్రం కావాలి. అందులో ఒక భాగం పరికరం వాడినవారిది, మరో భాగం నిపుణుడిది. ఫైలు మారలేదని చూపే హ్యాష్ విలువ కూడా నమోదు చేయాలి. అసలు పరికరాన్నే కోర్టు ముందు పెడితే ఈ ధ్రువపత్రం అక్కర్లేదని 2020లో అర్జున్ పండిత్‌రావు కేసులో సుప్రీంకోర్టు పాత సాక్ష్య చట్టం కింద చెప్పింది. కాబట్టి మెమరీ కార్డును తీసి జాగ్రత్త చేయండి. కొత్త కార్డు ఖరీదు కొన్ని వందలు.

బెంగళూరు, గోవా, దిల్లీల్లో పౌరులు ఉల్లంఘనల ఫోటోలు పంపే యాప్‌లు, పథకాలు పదేళ్లుగా వస్తున్నాయి. హెల్మెట్ లేకపోవడం, రాంగ్ పార్కింగ్ వంటివి ఒక్క ఫోటోలో దొరుకుతాయి. దగ్గరగా దాటడం ఫోటోలో దొరకదు, దానికి కనీసం పది సెకన్ల వీడియో కావాలి. బ్రిటన్‌లోని వేల్స్ పోలీసులు మొదలుపెట్టిన ‘ఆపరేషన్ స్నాప్’ ఈ తేడాను గుర్తించింది. సైకిలిస్టులు, డ్రైవర్లు తీసిన వీడియోలను ఆన్‌లైన్‌లో తీసుకుని, చూసి, నోటీసులు పంపుతారు. తర్వాత ఇంగ్లండ్‌లోని పలు పోలీసు విభాగాలు దాన్ని అనుసరించాయి.

దెబ్బ తగిలితే లెక్క మారుతుంది

అప్పుడు పరిహారం దావా ఉంటుంది. డ్రైవర్ జేబు కాదు, యజమాని, బీమా సంస్థ బాధ్యత వహించాలి. ప్రభుత్వ వాహనమైనా అంతే. 1952లో ఉదయ్‌పూర్ కలెక్టర్ జీపును మరమ్మతు చేయించి తిరిగి తెస్తున్న తాత్కాలిక డ్రైవర్ ఒక పాదచారిని ఢీకొట్టగా ఆయన చనిపోయారు. రాజు తప్పు చేయడు అన్న పాత సూత్రం ఇక్కడ పనిచేయదని, రాజస్థాన్ ప్రభుత్వం పరిహారం చెల్లించాల్సిందేనని 1962లో విద్యావతి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అద్దె బండి అయినా డ్రైవర్ మీద అజమాయిషీ అద్దెకు తీసుకున్న సంస్థదే అయితే ఆ సంస్థకూ బాధ్యత ఉంటుందని 1997లో రాజస్థాన్ ఆర్టీసీ కేసులో చెప్పింది. 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న సవరణ ప్రకారం దావా ఆరు నెలల్లోపు వేయాలి. బండి ఏదో తెలియకపోతే హిట్ అండ్ రన్ పథకం కింద మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు.

టెండర్ కాగితంలో ఒక పేరా

లండన్‌లో నిర్మాణ లారీల కింద సైకిలిస్టులు వరుసగా చనిపోయాక 2013లో క్లాక్స్ అనే ప్రమాణం వచ్చింది. దాని సూత్రం సులువు: కాంట్రాక్టు కావాలంటే నీ డ్రైవర్లకు సైకిళ్ల గురించి శిక్షణ ఇవ్వు, బండికి పక్క అద్దాలు, సెన్సర్లు పెట్టు, ఫిర్యాదులు నమోదు చేయి. శిక్ష భయం కంటే బిల్లు ఆగుతుందన్న భయం త్వరగా పనిచేసింది.

అండమాన్‌లో వాహనాలను అద్దెకు తీసుకునే పెద్ద సంస్థల్లో పాలనా యంత్రాంగం ఒకటి. రోడ్డు పనుల కాంట్రాక్టులూ ప్రభుత్వ సంస్థలవే. హైదరాబాద్‌లో 2023 అక్టోబరులో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సౌర ఫలకల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ప్రారంభించారు. బాగుంది, నేనూ తొక్కాను. కానీ ఒక పక్క కొండ, ఒక పక్క సముద్రం ఉన్న ద్వీపంలో దానికి చోటెక్కడ? టెండర్ షరతుల్లో ఒక పేరా చేర్చడానికి మాత్రం స్థలం కొనక్కర్లేదు. ఫిర్యాదు రాస్తున్నప్పుడు ఆ బండిని అద్దెకు తీసుకున్న శాఖకు కూడా ఒక నకలు పంపండి. డ్రైవర్ పేరు అడగకండి, కాంట్రాక్టు షరతులు అడగండి. ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు రుసుము పది రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు.